హైమ మొక్క తిప్పని పదకొండు రోజులు

412. చీకటి నాలుగో రోజు

ఈ పుస్తకంలో ఇంతవరకూ ఉన్న నాలుగు వందల పదకొండు రాతలూ మా అమ్మాయి హైమ రాసినవి. ఇకనుంచి నేను రాయాలి. ప్రతి గదిలోనూ మొక్కల పుస్తకం ఉండాలి, మొక్కకు ఏం చేసిందీ ఎప్పటికప్పుడు అందులో రాయాలి, అది పీల్చే గాలి లెక్క చూసే గాలి ఆఫీసు వాళ్ళ నియమం. నేను మూడో తరగతి దాకా చదివాను. తప్పులుంటే చదివేవాళ్ళు సర్దుకోవాలి.

హైమ చీకటి మొదటి రోజున పోయింది. దానికి పంతొమ్మిదేళ్ళు. పై తలుపు దగ్గర, బయట నేల తవ్వి వచ్చినవాళ్ళ సూట్లు దులిపే పని చేసేది. ఆ దుమ్ము నూరిన గాజులా ఉంటుంది. అయిదు నెలలు దగ్గింది. ఆఖర్న దగ్గడానికి కూడా ఓపిక లేకపోయింది. నేను పక్కన కూర్చుని వీపు నిమిరాను. అంతకంటే ఏమీ చెయ్యలేకపోయాను.

మా గదిలో రెండు గాలిమొక్కలు. ఒకటి నా మంచం మీద, ఒకటి దాని మంచం మీద. వీటికి మట్టి అక్కర్లేదు. ఇక్కడి మట్టిలో ఏదీ బతకదు కూడా. దారం కట్టి కప్పుకు వేలాడదీస్తాం, పడుకున్న మనిషి మొహానికి మూరెడు ఎత్తులో. మనం వదిలిన ఊపిరి అది తాగుతుంది. హైమకు పదేళ్ళప్పుడు దాని మొక్కను తెచ్చి కట్టారు. అప్పుడు చిటికెన వేలంత ఉండేది. ఇప్పుడు రెండు చేతుల్లో పట్టదు. ఆకు తయారయ్యేది మనం వదిలిన గాలిలోంచేనని మొక్కల నర్సమ్మ క్లాసులో చెప్పింది. అంటే ఆ ఆకులన్నీ తొమ్మిదేళ్ళ మా పిల్ల ఊపిరి.

పుస్తకం అట్ట లోపల హైమ రాసి పెట్టింది: నాలుగు రోజులకోసారి నీళ్ళలో గంటసేపు ముంచాలి, తీశాక ఇరవై ఒక్కసారి తిప్పాలి, అమ్మ చేత తిప్పించకూడదు.

తిప్పించకూడదన్నది నా కుడి భుజం వల్ల. సొరంగం తవ్వేటప్పుడు రాయి తగిలి, చెయ్యి తల మీదికి లేవదు. తిప్పడం మాత్రం తప్పదు. ఇక్కడ మనుషులకే బరువు లేదు, నీళ్ళకేం ఉంటుంది. తొట్టిలోంచి తీస్తే నీళ్ళు కిందికి కారవు, ఆకుల మొదట్లో ముద్దలా పట్టుకుని కూర్చుంటాయి. అందుకని దారం కొస పట్టుకుని తల చుట్టూ ఒడిసెల తిప్పినట్టు తిప్పుతాం. భూమ్మీద ఒడిసెలతో చేలో పిట్టల్ని తోలేవారట. నేను చేనూ చూడలేదు, పిట్టనూ చూడలేదు, అది మా అమ్మమ్మ మాట. తిప్పినప్పుడు నీళ్ళు గోడలకు కొడతాయి. వాటిని గుడ్డతో తుడిచి మళ్ళీ పీపాలోకి పిండుతాం.

ఇవాళ నాలుగో రోజు కాబట్టి హైమ మొక్కను గంటసేపు ముంచాను. తిప్పమని ఎవర్నయినా పిలుద్దామని తలుపు తీస్తే ఎదురుగదిలో ఉండే, నాకు అక్క వరసయ్యే పారమ్మప్ప గంజి పట్టుకుని నిలబడి ఉంది.

"తిప్పుతావేటే తవిటీ? చావింట్లో పదకొండు రోజులు ఏదీ తిరగకూడదు. ఫ్యాను కట్టించీలేదా నాను?"

"నీళ్ళలో పెట్టీసినాను అప్పా."

"పెడితే పెట్టినావు. దాని దాహానికిచ్చినావు, తప్పు నేదు. తిప్పొద్దు. పిల్ల ఇంకా దారిలో ఉంటాది. నువ్విక్కడ తిప్పితే అదక్కడ తిరిగి తిరిగి దారి మర్సిపోద్ది."

నిజమే, మొదటి రోజునే వచ్చి ఫ్యాను రెక్కలకు దారం చుట్టింది. మా వాళ్ళలో చావింట్లో తిరగలి తిప్పరు, రాట్నం తిప్పరు. ఇక్కడ తిరగలి లేదు కాబట్టి ఫ్యానూ మొక్కా తిప్పరు.

మొక్కను అలాగే తీసి దారానికి కట్టాను. ఒక్క చుక్కయినా రాలలేదు.


413. చీకటి అయిదో రోజు

ఇవాళ మంచుగనిలో ఉన్న మా ఆయనతో తీగలో మాట్లాడే వంతు మాది. ఆయన పేరు దాలినాయుడు అని పుస్తకంలో రాయాలట, అందుకని రాశాను. మంచుగని బండి మీద రెండు రోజుల దూరం. చీకట్లో బండి నడవదు. పద్నాలుగు రోజుల చీకటి అయి వెలుగు వచ్చాకే బయల్దేరుతుంది. పిల్ల పోయిన మాట ఆయనకు తీగలోనే చెప్పాం. ఆయన దాని మొహం చూడలేదు.

"తిన్నావా?" అన్నాడు.

"తిన్నాను."

"అబద్ధం ఆడకు."

"పారమ్మప్ప గంజి తాగించినాది."

తర్వాత తీగలో గాలి చప్పుడే వినబడింది. మా వంతు అయిపోవచ్చినప్పుడు అడిగాడు.

"మొక్కెలగుంది?"

"బాగుంది. నిన్న నీళ్ళు పెట్టినాను."

"దాన్ని సూసుకోయే. ఇంకేటీ అడగను నిన్ను. నానొచ్చినాక నానే తిప్పుతాను. పిల్లకేటీ సెయ్యలేదు నాను, ఎత్తుకెళ్ళేటప్పుడు భుజమైనా పట్టలేదు. అదొక్కటీ సేత్తాను."

సరేనన్నాను.


414. చీకటి ఎనిమిదో రోజు

ఇవాళ మళ్ళీ ముంచాను. నిజానికి మధ్యలో కూడా నీళ్ళు పెట్టాను. పుస్తకంలో రాయాలి కాబట్టి రాస్తున్నాను. పొద్దున్న లేవగానే దాని మంచం వైపు చూస్తాను. మంచం ఖాళీ, మొక్క ఉంది. గొంతు తడారిపోయినట్టు నాకే అనిపిస్తుంది. గ్లాసులో నీళ్ళు తీసుకుని గుడ్డతో ఆకుల నడిమి మొవ్వులోకి పిండుతాను. హైమ ఆఖరి వారంలో నీళ్ళు మింగలేకపోయింది, గుడ్డ తడిపి పెదాల మీద పిండేదాన్ని. అదే పని, అదే గుడ్డ.

నా మొక్కకు నీళ్ళు పెట్టలేదు. పెట్టబుద్ధి కాలేదు. ఎండిపోయి చివర్లు ముడుచుకుంది. ఉంటే ఉంటుంది, పోతే పోతుంది.

పారమ్మప్ప చూసి, "దానికంత తాగించీసి దీన్ని మాడ్సీసినావేటే. సవతి పిల్లా ఇది?" అంది. నవ్వించాలనే అంది. నాకు నవ్వు రాలేదు. ఆవిడా నవ్వలేదు.

హైమ మొక్క పచ్చగా నిగనిగలాడుతోంది. ఆకులు బలిసినట్టున్నాయి. మొక్క బతికి ఉన్నంతకాలం మంచం ఆ మనిషి పేరనే ఉంటుంది. ఆఫీసు వాళ్ళు పెట్టుకున్నది మొక్కల లెక్క, మనుషుల లెక్క కాదు. మూడో వరసలో ఒక ముసలాయన పోయి ఆరేళ్ళయింది. ఆయన మొక్క ఉంది, మంచం ఉంది, కోడలు దాని మీద దుప్పటి మారుస్తూనే ఉంటుంది. నేనూ అలాగే ఉంచుకుంటాను. నాకు కావలసింది అదొక్కటే.


415. చీకటి పన్నెండో రోజు

పదకొండు రోజులూ నిన్నటితో అయిపోయాయి. పారమ్మప్ప వచ్చి ఫ్యాను దారం తెంపింది.

తిప్పమని ఆవిడనే అడిగాను. దారం విప్పి మొక్కను అరచేతిలోకి తీసుకుని ఆగిపోయింది.

"తవిటీ, ఇదేటే ఇలగుంది?"

అడుగున వేలు పెట్టి చూశాను. ఉడికిన బంగాళదుంపలా మెత్తగా ఉంది. బయటి ఆకులు పచ్చగానే ఉన్నాయి, మొదట్లో మాత్రం నల్లబడ్డాయి. వాసన. నేను కొన్ని రోజులుగా ఆ వాసన పీలుస్తూనే ఉన్నాను. అది గదిలో జబ్బు వాసన అనుకున్నాను, దుప్పట్లది అనుకున్నాను. ఆకులు విడదీస్తే మధ్యలో నీళ్ళు, నాలుగో రోజున పెట్టినవి, ఎనిమిదో రోజువి, రోజూ గుడ్డతో పిండినవి, అన్నీ అక్కడే ఉన్నాయి. కళ్ళలో నిలిచినట్టు నిలిచి ఉన్నాయి.

పారమ్మప్ప మొక్కను మంచం మీద పెట్టి రెండు చేతులూ చీరకు తుడుచుకుంది.

"నాను తిప్పొద్దన్నాను గానీ ఇన్ని నీళ్ళు పెట్టమన్నానా?" అంది.

కాసేపటికి ఆవిడే మళ్ళీ, "నర్సమ్మని పిల్సుకొత్తాను, ఉండు," అని వెళ్ళింది.


416. చీకటి పన్నెండో రోజు, రెండో రాత

మొక్కల నర్సమ్మ పేరు విమల. చిన్న వయసు, హైమ కంటే నాలుగైదేళ్ళు పెద్దదేమో. మొక్కను ముక్కు దగ్గర పెట్టుకుని చూసింది. గదంతా చూసింది, ఫ్యాను రెక్కకు వేలాడుతున్న దారం ముక్క చూసింది. ఆమెకు అప్పుడే అర్థమైపోయినట్టుంది.

"తిప్పలేదు కదమ్మా?"

"చావిల్లు అమ్మా."

"చావింట్లో తిప్పరని నాకు తెలుసు. కానీ తిప్పనివాళ్ళు నీళ్ళు కూడా పెట్టరు. పదకొండు రోజులు ఎండినా ఇది చావదు. నెల రోజులు ఎండబెట్టినా చావదు. మీరు ఎన్నిసార్లు పెట్టారు?"

"పుస్తకంలో ఉన్నట్టే, నాలుగు రోజులకోసారి."

ఆమె పుస్తకం తీసి 414 చదివింది. మూసి నా చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది.

కత్తెర తీసి అడుగునున్న ఆకులు తొమ్మిది తీసేసింది. ఒక్కొక్కటీ లాగకుండానే ఊడి వచ్చింది. వాటిని పడెయ్యబోతే నేను అడిగి తీసుకున్నాను.

తర్వాత వల జల్లెడ తెప్పించి, దాని మీద మొక్కను తలకిందులుగా పెట్టి ఫ్యాను ముందు ఉంచింది. నాకు ఒక్కొక్క మాటా నిదానంగా చెప్పింది. తొమ్మిది రోజులు నీళ్ళు వద్దు. ముట్టుకోవద్దు. దారానికి కట్టొద్దు. తిప్పడం అసలే వద్దు.

"కుళ్ళు మొవ్వు దాకా వెళ్ళిందో లేదో పైకి తెలియదు. వెళ్ళకపోతే ఎండి గట్టిపడుతుంది, బతుకుతుంది. ఇప్పుడు తిప్పారంటే మాత్రం మొవ్వు ఊడి వచ్చేస్తుంది. ఆ తర్వాత ఇంకేం చెయ్యలేం."

"బతుకుద్దా అమ్మా?"

"సగం సగం అనుకోండి." గుమ్మం దాటబోతూ ఆగి, "అంతకంటే కొంచెం తక్కువే," అంది.

లెక్క కట్టాను. తొమ్మిది రోజులంటే వెలుగు ఏడో రోజుకు అవుతుంది. మా ఆయన వచ్చేది వెలుగు మూడో రోజున.


417. చీకటి పద్నాలుగో రోజు

తీగలో మా వంతు.

"రేపు ఎలుగొత్తాది. బండెక్కుతాను," అన్నాడు.

"జాగర్తగా రా."

"మొక్క?"

చెప్పాలనే అనుకున్నాను. పొద్దుటి నుంచీ మాటలు కూడబెట్టుకున్నాను. తడి ఎక్కువైంది, నర్సమ్మ చూసింది, ఎండబెట్టాం, ఇంతే కదా చెప్పాల్సింది. నోట్లోంచి వచ్చింది మాత్రం, "బాగుంది."

"ఆకులు పెద్దవైనాయా?"

"అయినాయి."

"పిల్ల పొడుగే దానికీ వచ్చినాది," అని నవ్వాడు. పిల్ల పోయాక ఆయన నవ్వడం అదే మొదటిసారి. ఆ నవ్వు మీద మన్ను పోయలేకపోయాను.

తీగ పెట్టేసి గదికి వచ్చేసరికి పారమ్మప్ప జల్లెడ ముందు కూర్చుని ఉంది. రోజూ వస్తోంది. వచ్చి మొక్కను చూసి, ఏదో ఒకటి అని పోతుంది.

"సెప్పినావా?"

"నేదు."

"సెప్పకపోతే మాను. ఈ మగాళ్ళకి ఆకేటో కాడేటో తెల్దు. నా మొగుడు మూడేళ్ళు నా మొక్క కింద పడుకుని తనదేననుకున్నాడు." తర్వాత గొంతు తగ్గించి, "నాను తిప్పొద్దన్న మాట మాత్రం బావకి సెప్పకే," అంది.

నీళ్ళు పెట్టిన మాట నాది, తిప్పొద్దన్న మాట ఆవిడది. ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా జల్లెడ వైపే చూస్తూ కూర్చున్నాం.


418. వెలుగు రెండో రోజు

మొక్క వాసన తగ్గింది. నిజంగా తగ్గింది, నా మనసు కోసం రాస్తున్నది కాదు. పారమ్మప్పను కూడా వాసన చూడమన్నాను, తగ్గిందనే అంది. కోసిన చోట ఎండి గోధుమరంగు తిరిగింది. పై ఆకులు పచ్చగా ఉన్నాయి, మధ్య ఆకు ఒకటి మాత్రం పసుపు తిరిగింది. పసుపు మంచిదో చెడ్డదో నర్సమ్మను అడగాలి. అడగడానికి వెళ్ళి ఆమె గది తలుపు దాకా పోయి వెనక్కి వచ్చేశాను. చెడ్డదంటే ఏం చేస్తాను? ముట్టుకోకూడదు, నీళ్ళు పెట్టకూడదు, తిప్పకూడదు. చెయ్యగలిగినవన్నీ ముందే చేసేశాను, అవి చెయ్యకుండా ఉండాల్సినప్పుడు. ఇప్పుడు కూర్చుని చూడడమే.

హైమ దగ్గేటప్పుడూ ఇలాగే కూర్చున్నాను. డాక్టరు మంచంలోంచి కదలనివ్వొద్దన్నాడు, మాట్లాడించొద్దన్నాడు. అది నాతో మాట్లాడాలని చూసేది, నేను వద్దని వేలు చూపించేదాన్ని. అలా ఎన్ని మాటలు ఆపానో.

రేపు ఆయన వస్తాడు. వచ్చి ముందు చూసేది మంచం మీది కప్పు వైపే. అక్కడ దారం ఒక్కటే వేలాడుతోంది.


419. వెలుగు మూడో రోజు

ఇది రాయడానికి చాలాసేపు పట్టింది.

పొద్దుటి గంటకే బండి వచ్చేసిందని తెలిసింది. పై తలుపు దగ్గర దుమ్ము దులిపి, కడిగి, లోపలికి పంపడానికి రెండు గంటలు పడుతుంది. ఆ రెండు గంటలూ జల్లెడ ముందు నిలబడ్డాను. మొక్క పొడిగా ఉంది. పైనుంచి చూస్తే ఏ లోపమూ లేదు. ఒక్క గంట కట్టి ఉంచితే ఏమవుతుంది, ఆయన చూసి, తిని, పడుకున్నాక మళ్ళీ తీసి జల్లెడ మీద పెట్టెయ్యొచ్చు అనుకున్నాను. తిప్పుతానంటే ఇవాళ నీళ్ళు పెట్టే రోజు కాదు అందామనుకున్నాను. ఎడమచేత్తో తీసి, దారానికి కట్టి, జల్లెడను మంచం కిందికి తోసేశాను.

ఆయన వచ్చాడు. మనిషి సగమైపోయాడు. గడ్డంలో ఇంకా దుమ్ము ఉంది. నన్ను చూశాడు, మంచం చూశాడు, కప్పు వైపు చూశాడు. సంచి కింద పెట్టలేదు, నీళ్ళు తాగలేదు.

"ఇంత అయినాదేటే," అన్నాడు.

"కూకో ముందు. గంజి ఉంది."

"ఉండు. ముందిది."

"ఇయ్యాల నీళ్ళు పెట్టే రోజు కాదు."

"పెట్టకపోతేనేటి. ఒట్టిదే తిప్పుతాను. దానికోసం ఇరవయ్యొక్కసారి తిప్పుతానని తల్సుకుని వచ్చినాను."

దారం విప్పాడు. మొక్కను రెండు చేతుల్లోకి తీసుకుని కాసేపు అలాగే ఉన్నాడు. నేను గుమ్మం దగ్గర ఉన్నాను. మూడడుగుల దూరం. ఒద్దు అని ఒక్క మాట. ఆ మాట అంటే ఎందుకని అడుగుతాడు. ఎందుకంటే చెప్పాలి. ఇది చదివేవాళ్ళు ఏమనుకున్నా సరే, ఉన్నది రాస్తున్నాను. నా బిడ్డ ఊపిరి ఆయన చేతుల్లో ఉంది, అది పోతుందని నాకు తెలుసు, నేను నోరు తెరవలేదు.

తిప్పడం మొదలుపెట్టాడు. మంచు కొట్టే చెయ్యి, బలంగా తిప్పుతాడు. ఒకటి, రెండు అని పైకే లెక్కపెట్టాడు. తొమ్మిది దాకా లెక్కపెట్టాడు.

తొమ్మిదో చుట్టులో మొవ్వు ఊడింది. పెద్ద చప్పుడేం కాలేదు. మధ్య ఆకులన్నీ ఒక కట్టగా ఎగిరి గోడకు తగిలి విడిపోయాయి. ఆయన చేతిలో దారం, దారానికి నల్లటి అడుగు ముక్క మిగిలాయి.

ఇక్కడ ఏదీ గబుక్కున కింద పడదు. ఆకులు గదంతా పరుచుకుని మెల్లగా దిగాయి. ఆయన దారం వదిలేసి వాటిని పట్టుకోబోయాడు. ఒకటి పట్టుకుంటే ఆ గాలికి ఇంకోటి పక్కకు జరిగింది. అటు తిరిగి దాన్ని పట్టుకున్నాడు. నేల మీద పడకముందే అన్నీ పట్టుకోవాలని గది అంతా తిరిగాడు. నాలుగు పట్టుకున్నాడు. మిగిలినవన్నీ నేను చూస్తుండగా నేల మీద వాలాయి.


420. వెలుగు నాలుగో రోజు

ఆకులు ముప్ఫై ఎనిమిది. తువ్వాల్లో మూట కట్టుకుని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చున్నాడు. రాత్రి పడుకోమంటే పడుకోలేదు.

"గట్టిగా తిప్పీసినాను," అంటాడు. మూట ముడి సవరిస్తాడు. "మొరటు సెయ్యి," అంటాడు.

పారమ్మప్ప వచ్చింది. ఆయనకు వరసకు వదిన అవుతుంది.

"బావా, దాని ఆయువంతే. నువ్వేటి సేత్తావు."

"నానే తెంపీసినాను వదినా. తొమ్మిదేళ్ళు అది పెంచినాది. తొమ్మిది సుట్లలో తెంపీసినాను."

ఆవిడ నా వైపు చూసింది. నేను ఆవిడ వైపు చూశాను. గంజి గిన్నె అక్కడ పెట్టి వెళ్ళిపోయింది. గుమ్మం దాటాక ఏడుపు వినబడింది.

నర్సమ్మ ద్వారా తెలిసినట్టుంది, మధ్యాహ్నం ఆఫీసు కాగితం వచ్చింది. మొక్క పేరు, పోయిన రోజు, కారణం, ఈ మూడూ నింపి ఇవ్వాలట. వెలుగు ఆరో రోజు పొద్దుటి గంటకు మంచం తీసుకెళతారట, వచ్చే ఓడలో కొత్తవాళ్ళు పన్నెండు మంది దిగుతున్నారట. కాగితం మర్యాదగానే ఉంది. చివర్న మా సానుభూతి అని కూడా రాసి ఉంది.

ఆయనకు చదువు రాదు. ఏముందని అడిగాడు. చెప్పాను.

"కారణం దగ్గర రాయ్. తండ్రి తిప్పినాడు, తెగిపోనాది అని రాయ్."

కలం తీసుకున్నాను. పేరు నింపాను. రోజు నింపాను. కారణం దగ్గర కలం పెట్టి తీసేశాను.

"రాసినావా?"

"సిరా అయిపోనాది," అన్నాను.


421. వెలుగు అయిదో రోజు

ఇవాళంతా ఆయన తినలేదు. కుడిచేతిని ఎడమచేత్తో పట్టుకుని కూర్చున్నాడు, అది ఎవరిదో అయినట్టు. వెలుగు పదో రోజున బండి మళ్ళీ మంచుగనికి వెళుతుంది. ఆ చేత్తోనే అక్కడ పని చెయ్యాలి. అది తలుచుకుంటే ఉండలేకపోయాను.

"ఒక సంగతి సెప్పాలి," అన్నాను.

"ఏటి?"

చెప్పడం రాలేదు. నోటితో రాదు. పుస్తకం తీసుకొచ్చి హైమ మంచం మీద కూర్చున్నాను. అది పోయాక దాని మీద ఎవరం కూర్చోలేదు. ఆయన్ని కూడా పక్కకు రమ్మన్నాను. వచ్చి అంచు మీద కూర్చున్నాడు.

"ఇది నాను రాసింది. సదువుతాను. మజ్జిలో ఏటీ అనకు."

నాలుగు వందల పన్నెండు నుంచి మొదలుపెట్టాను. నాలుగో రోజు ముంచింది చదివాను. తిప్పొద్దన్న మాట ఎవరన్నారో అదీ చదివాను, పారమ్మప్ప వద్దన్నా సరే. గుడ్డతో పిండింది చదివాను. నర్సమ్మ చెప్పింది చదివాను. తీగలో బాగుంది అన్నది చదివాను. జల్లెడ మీంచి తీసి దారానికి కట్టాను అన్నచోట ఆగాను.

"సదువు," అన్నాడు.

చదివాను. మూడడుగుల దూరం అన్నది చదివాను. నోరు తెరవలేదు అన్నది చదివాను. సిరా అయిపోయింది అన్నది కూడా చదివాను. ఇంక రాసింది లేదు.

కొడతాడేమో అనుకున్నాను. ఇన్నేళ్ళలో ఎప్పుడూ కొట్టలేదు, ఇవాళ కొడితే బాగుండు అనిపించింది.

"సేతిలోకి తీసినప్పుడే తెలిసింది," అన్నాడు.

నేను తల తిప్పి చూశాను.

"మెత్తగా తగిలినాది. వాసన కూడా వచ్చినాది. మంచుగనిలో మా వరస మొక్కలన్నీ నానే సూత్తాను. కుళ్ళిందేటో నాకు తెల్దేటి?"

"మరెందుకు తిప్పినావు?"

"ఎలగ దించుతాను? పదహారు రోజులు తిండీ నిద్రా నేకుండా అదే పని తల్సుకున్నాను. అదొక్కటే మిగిలినాది నాకు. సేతిలోకి వచ్చినాక తిప్పకుండా కింద ఎలగ పెడతాను?" కుడిచేతిని ఒళ్ళోంచి తీసి మంచం మీద పెట్టాడు. "మెత్తగుంది, ఆపీ అని నువ్వంటావనుకున్నాను. అయిదో సుట్టులో నీకేసి సూసినాను."

"నాను నీకేసి సూళ్ళేదు. మొక్కకేసే సూత్తన్నాను."

"అవును," అన్నాడు. "నువ్వు సూళ్ళేదు."

ఇద్దరం ఏడవలేదు. ఎదురుగదిలో పారమ్మప్ప గిన్నెలు కడుగుతోంది, ఆ చప్పుడు వింటూ కూర్చున్నాం.

ఆఫీసు కాగితం ఇక్కడే ఉంది. కారణం దగ్గర ఏం రాయమంటావని మళ్ళీ అడిగాను. నీ ఇష్టం అన్నాడు. ఆ గడి బొటనవేలంత ఉంది. రాయకుండా వదిలేశాను, కావాలంటే ఈ పుస్తకం చూసుకుంటారు.

మంచం తీసేవాళ్ళు పొద్దుటి గంటకు వస్తారు. ఆయన కాళ్ళు పైకి తీసుకుని గోడ వైపు జరిగి పడుకున్నాడు. నాకూ చోటు ఉంచాడు.